అంతరిక్షంలో ఎముకలు – నేలమీద మనకు పాఠాలు



వార్షికోత్సవ సంచికకు ఒక సైన్స్ వ్యాసం రాయాలనుకున్నప్పుడు మాలో చాలామంది రాకెట్ గురించి రాద్దామన్నారు. రాకెట్ సంగతులు మన పుస్తకాల్లో బాగానే ఉన్నాయి. రాకెట్ ఎక్కి వెళ్లిన మనిషి ఒంట్లో ఏం జరుగుతుందన్నది తక్కువగా ఉంది. అందుకే ఎముకను ఎంచుకున్నాం. ఈ వ్యాసంలో సగం అంతరిక్షం సంగతులు, సగం మన నౌపడ, టెక్కలి, ఉద్దానం సంగతులు ఉంటాయి. రెండింటినీ కలిపే మాట ఒక్కటే: ఎముకకు తిండీ కావాలి, పనీ కావాలి. ఏ ఒక్కటి తగ్గినా ఎముక నిలవదు.

ఎముక రాయి కాదు

అస్థిపంజరం బొమ్మ చూసి మనం ఎముకను ఎండుకర్రలాంటిదని అనుకుంటాం. అది పొరపాటు. ఎముక ప్రాణమున్న కణజాలం. దానిలో రక్తనాళాలు ఉన్నాయి, నరాలు ఉన్నాయి, కణాలు ఉన్నాయి. కొల్లాజెన్ అనే ప్రోటీన్ దారాల మీద కాల్షియం, ఫాస్ఫరస్ కలిసిన ఖనిజం పేరుకుని గట్టిపడితే ఎముక అవుతుంది. మన శరీరంలోని కాల్షియంలో దాదాపు 99 శాతం ఎముకల్లో, పళ్లలో ఉంటుంది.

ఎముకలో మూడు రకాల కణాలు ముఖ్యం. ఆస్టియోక్లాస్టులు పాత ఎముకను కరిగిస్తాయి. ఆస్టియోబ్లాస్టులు కొత్త ఎముకను కడతాయి. ఆస్టియోసైట్లు ఎముక లోపలే ఉండి, దానిమీద ఎంత బరువు పడుతున్నదో గమనించి మిగతా వాటికి కబురు పంపుతాయి. మన నౌపడ ఉప్పుమళ్ల గట్లను చూడండి. ఏటా వానలు వెళ్లాక మళ్లీ మట్టివేసి, తొక్కి, గట్టిపరుస్తారు. ఒక్క ఏడాది వదిలేస్తే గట్టు కరిగిపోతుంది. ఎముక కూడా అంతే. కరగడం, కట్టడం రెండూ జీవితాంతం జరుగుతూనే ఉంటాయి. రెండూ సమానంగా ఉన్నంతకాలం ఎముక నిలబడుతుంది.

ఎముక తనమీద పడే బరువును బట్టి తన రూపాన్ని, బలాన్ని మార్చుకుంటుందని జర్మనీ వైద్యుడు జూలియస్ వుల్ఫ్ 1892లో వివరించాడు. దీనినే వుల్ఫ్ నియమం అంటారు.

ఇక్కడ మన తెలుగువారి మాట ఒకటి చెప్పుకోవాలి. ఎముక జబ్బుల్లో రక్తంలోని ఫాస్ఫరస్ ఎంత ఉందో కొలవవలసి వస్తుంది. దానికి తేలికైన రంగు పరీక్షను 1925లో హార్వర్డ్ వైద్య కళాశాలలో సైరస్ ఫిస్క్‌తో కలిసి కనిపెట్టినవారు భీమవరంలో పుట్టిన డాక్టర్ యల్లాప్రగడ సుబ్బారావు. ఫిస్క్–సుబ్బారావు పద్ధతి అని ప్రపంచమంతటా వైద్య విద్యార్థులు చదువుకున్నది ఇదే.

బరువు లేకపోవడం అంటే ఏమిటి?

అంతరిక్షంలో గురుత్వాకర్షణ ఉండదని చాలామంది రాస్తారు. పరీక్షలో అలా రాయకండి. అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రం భూమికి సుమారు 400 కిలోమీటర్ల ఎత్తులో తిరుగుతుంది. నౌపడలో రైలెక్కి రాజమండ్రి దాటి కొంచెం ముందుకు వెళితే ఎంత దూరమో అంత. ఆ ఎత్తులో కూడా భూమి ఆకర్షణ నేలమీద ఉన్నదానిలో దాదాపు 90 శాతం ఉంటుంది.

మరి బరువు ఎందుకు తెలియదు? ఉద్దానంలో ఒక కొబ్బరికాయ మీద చీమ కూర్చుని ఉందనుకోండి. కాయ చెట్టున ఉన్నప్పుడు చీమ కాళ్లు కాయను నొక్కుతుంటాయి. ముచ్చిక తెగి కాయ పడిపోతుంటే చీమ కూడా అదే వేగంతో పడుతుంది. అప్పుడు చీమ కాళ్లకు, కాయకు మధ్య ఒత్తిడి ఉండదు. ఆ కొద్ది క్షణాలు చీమకు బరువు తెలియదు. అంతరిక్ష కేంద్రం కూడా భూమివైపు పడుతూనే ఉంటుంది. పక్కకు గంటకు సుమారు 28,000 కిలోమీటర్ల వేగంతో పోతున్నందువల్ల నేలను తాకకుండా భూమి చుట్టూ తిరుగుతుంది. లోపలి మనుషులు ఆ కొబ్బరికాయ మీది చీమలాంటివారే. దీనినే భారరహిత స్థితి అంటారు.

ఆ స్థితిలో కాళ్లు శరీరాన్ని మోయనక్కరలేదు. నడుము నిలబడనక్కరలేదు. ఆస్టియోసైట్లు పని లేదని కబురు పంపుతాయి. కరిగించే కణాల పని పెరుగుతుంది, కట్టే కణాలు దానికి తగ్గట్టు కట్టలేవు. గట్టు కరగడం మొదలవుతుంది.

ఎంత పోతుంది? ఎంత తిరిగి వస్తుంది?

1973–74లో అమెరికావారి స్కైలాబ్‌లో ముగ్గురేసి వ్యోమగాములు 28, 59, 84 రోజులు ఉన్నారు. వారి తిండిని, మూత్రాన్ని కొలిచి చూస్తే, కాల్షియం మూత్రంలో ఎక్కువగా పోతున్నదని తేలింది. తరువాతి పరిశోధనల్లో నడుము, తుంటి ఎముకల్లో ఖనిజ సాంద్రత సగటున నెలకు 1 నుంచి 1.5 శాతం తగ్గుతుందని కనుగొన్నారు. నేలమీద బహిష్టు ఆగిపోయిన స్త్రీలలో దాదాపు ఒక ఏడాదిలో జరిగే నష్టం అక్కడ ఒక నెలలో జరుగుతుందన్నమాట. చేతుల్లో నష్టం తక్కువ, తుంటిలో, కాళ్లలో ఎక్కువ. నేలమీద ఏ ఎముక ఎక్కువ బరువు మోస్తుందో అక్కడ అదే ఎక్కువ నష్టపోతుంది.

రోజుల లెక్క ముఖ్యమని గుర్తుంచుకోండి. తెనాలి మూలాలున్న బండ్ల శిరీష 2021 జులై 11న అంతరిక్షపు అంచుకు వెళ్లి వచ్చారు. ఆమెకు భారరహిత స్థితి కొద్ది నిమిషాలే. అంత తక్కువ సమయంలో ఎముకకు నష్టం ఉండదు. 1984లో రాకేశ్ శర్మ దాదాపు 8 రోజులు శాల్యూత్–7లో ఉండి, భారరహిత స్థితిని తట్టుకోవడానికి యోగాసనాలు పనికివస్తాయేమోనని సాధన చేసి చూశారు. హైదరాబాదు నుంచి అమెరికా వెళ్లిన తండ్రికి పుట్టిన రాజాచారి 2021 నవంబరు నుంచి 2022 మే వరకు 177 రోజులు అంతరిక్షంలో ఉన్నారు. సునీతా విలియమ్స్ 2024 జూన్‌లో వెళ్లి 286 రోజుల తరువాత 2025 మార్చిలో తిరిగి వచ్చారు. ఎముకకు అసలు పరీక్ష ఇలా నెలల తరబడి ఉన్నవారికే.

సునీతా విలియమ్స్‌ను నౌక నుంచి దింపి స్ట్రెచర్ మీద తీసుకువెళ్లడం టీవీలో చూసి, ఆమె ఎముకలు విరిగిపోతాయని అలా చేశారా అని మాలో కొందరు అడిగారు. అది కాదు. చెవి లోపలి సమతౌల్య అవయవం, రక్తపోటు భూమికి మళ్లీ అలవాటు పడటానికి కొంత సమయం పడుతుంది. నిలబడితే కళ్లు తిరగవచ్చు. అందుకే ఆ జాగ్రత్త. కళ్లు తిరగడం కొన్ని రోజుల్లో సర్దుకుంటుంది. ఎముక నష్టం పైకి కనబడదు, నొప్పి పెట్టదు, కానీ చాలాకాలం ఉంటుంది.

ఎంతకాలమో 2022లో వెలువడిన ఒక పరిశోధన చెప్పింది. కెనడాలోని కాల్గరీ విశ్వవిద్యాలయం వారు 17 మంది వ్యోమగాములను వెళ్లకముందు, వచ్చిన తరువాత పరీక్షించారు. తిరిగి వచ్చి ఏడాది గడిచినా 9 మందిలో మోకాలి కింది పెద్ద ఎముక (అంతర్జంఘిక) పూర్వపు స్థితికి రాలేదు. ఆరు నెలలు దాటి ఉన్నవారు మరీ తక్కువగా కోలుకున్నారు. 2025 జూన్, జులైలలో 18 రోజులు అంతరిక్ష కేంద్రంలో ఉన్న మన శుభాంశు శుక్లా కూడా ఎముకలు అక్కడ ఎలా క్షీణిస్తాయి, ఇక్కడికి వచ్చాక ఎలా కోలుకుంటాయి అనే అధ్యయనంలో పాల్గొన్నారు. గగన్‌యాన్ వ్యోమగాములు బయలుదేరవలసినది మన రాష్ట్రంలోని శ్రీహరికోట నుంచే కనుక ఈ శాస్త్రం మనకు దూరపు శాస్త్రం కాదు.

అక్కడ ఎముక విరిగితే?

ముందుగా నేలమీద విరిగిన ఎముక ఎలా అతుకుతుందో చూద్దాం. ఇందులో నాలుగు మెట్లున్నాయి.

1. విరిగినచోట రక్తం గడ్డకడుతుంది, వాపు వస్తుంది. ఈ వాపుతోనే బాగుచేసే కణాలు అక్కడికి చేరతాయి.
2. రెండు మూడు వారాల్లో మెత్తని మృదులాస్థి ముద్ద రెండు ముక్కలనూ పట్టి ఉంచుతుంది. దీనిని మెత్తని కాలస్ అంటారు.
3. తరువాతి వారాల్లో దానిలో ఖనిజం చేరి గట్టి కాలస్ అవుతుంది.
4. నెలల తరబడి, ఒక్కొక్కసారి ఏళ్ల తరబడి, అనవసరమైన ముద్ద కరిగి ఎముక పాత ఆకారానికి వస్తుంది.

ఈ పనికి మూడు కావాలి: రక్తప్రసరణ, కదలకుండా పట్టి ఉంచడం, తగిన సమయంలో తగినంత బరువు. మొదటి రెండూ అందరికీ తెలుసు. మూడవది చాలామందికి తెలియదు. ముక్కలు స్థిరంగా ఉన్నాక వైద్యుడు చెప్పిన మేరకు కొద్దికొద్దిగా బరువు పడితే కాలస్ బలపడుతుంది.

ఇంతవరకు వెల్లడైన సమాచారంలో ఏ వ్యోమగామికీ అంతరిక్షంలో ఉండగా ఎముక విరిగిన సంగతి లేదు. అందువల్ల శాస్త్రజ్ఞులు జంతువుల మీద ప్రయోగాలు చేశారు. 1989 సెప్టెంబరులో సోవియట్ యూనియన్ ప్రయోగించిన కాస్మోస్–2044 ఉపగ్రహంలో, కాలి సన్నఎముక (బహిర్జంఘిక) కోసిన ఎలుకలను 14 రోజులు ఉంచారు. అదే విధంగా కోసి నేలమీద ఉంచిన ఎలుకలతో పోల్చి చూస్తే, అంతరిక్షానికి వెళ్లిన ఎలుకల్లో అతుకు సరిగా ఎదగలేదు. 2017 ఫిబ్రవరిలో అమెరికాలోని ఇండియానా విశ్వవిద్యాలయం, అమెరికా సైన్యం వారు కలిసి తొడ ఎముక దెబ్బతిన్న 40 చిట్టెలుకలను అంతరిక్ష కేంద్రానికి పంపి, ఎముకను పెంచే మందులు అక్కడ ఎలా పనిచేస్తాయో పరిశీలించారు. సైన్యానికి ఇందులో ఆసక్తి ఎందుకంటే, కాలు నుజ్జయి నెలల తరబడి నేలమీద మోపలేని సైనికుడి పరిస్థితి కూడా ఇలాంటిదే.

మంచాన పడిన మనిషి కూడా అలాంటివాడే. తల కొంచెం కిందికి వంచిన మంచం మీద వాలంటీర్లను వారాల తరబడి పడుకోబెట్టి, అంతరిక్షపు ఎముక నష్టాన్ని నేలమీదనే అధ్యయనం చేస్తున్నారు. కట్టు విప్పాక కాలు సన్నబడి ఉండటం మన ఊళ్లలో చూడనివారుండరు. కండ ఒక్కటే కాదు, లోపలి ఎముక కూడా పలచబడుతుంది. కట్టులో ఉన్న కాలు ఇంట్లోనే ఉండి కొన్నాళ్లు అంతరిక్షానికి వెళ్లి వచ్చిందని అనుకోవచ్చు.

వ్యోమగాములు ఏం చేస్తున్నారు?

వ్యాయామం: అక్కడ ఇనుప బరువు ఎత్తినా బరువుండదు. అందుకని 2008 చివరలో ఒక యంత్రం పంపారు. దానిలో గాలి తీసేసిన గొట్టాలు లాగితే ఎదురు లాగుతాయి. సుమారు 270 కిలోల బరువు ఎత్తినంత శ్రమ ఇవ్వగలదు. కుంగి లేవడం, బరువు ఎత్తడం వంటివి దానిమీద చేస్తారు. నడుముకు పట్టీలు కట్టుకుని కదిలే పట్టా మీద పరుగెడతారు. ఏర్పాట్లతో కలిపి రోజుకు రెండు గంటలకు పైగా వ్యాయామానికే కేటాయిస్తారు. ఈ యంత్రం వచ్చాక, సరిపడా తిండి తిన్నవారిలో నష్టం బాగా తగ్గింది.

తిండి: తగినన్ని కేలరీలు, ప్రోటీన్, కాల్షియం ఇస్తారు. నౌక లోపల చర్మానికి సూర్యరశ్మి తగలదు కనుక విటమిన్ డి మాత్ర ఇస్తారు. ఉప్పు తగ్గించారు. ఉప్పులోని సోడియం ఎక్కువైతే మూత్రంలో కాల్షియం ఎక్కువగా పోతుంది.

నీరు: ఎముక నుంచి కరిగిన కాల్షియం మూత్రపిండాల గుండా పోతుంది. నీరు తక్కువ తాగితే రాళ్లు కట్టే ప్రమాదం ఉంది. అందుకని నీరు బాగా తాగమంటారు.

మందు: ఎముక కరగడాన్ని తగ్గించే అలెండ్రోనేట్ అనే మాత్రను వ్యాయామంతో పాటు వారానికొకటి ఇచ్చి జపాన్, అమెరికా కలిసి చూశాయి. నష్టం ఇంకా తగ్గింది. ఈ మాత్ర నేలమీద కూడా ఎముక పలచబడినవారికి వైద్యులు రాస్తారు. వైద్యుడు రాయకుండా వేసుకోదగినది కాదు.

ఇక మన సంగతి

మొదటిది, వయసు. యుక్తవయసు ముగిసేసరికి ఎముక గట్టితనంలో దాదాపు 90 శాతం సమకూరుతుంది. మిగిలినది ఇరవైల్లో పూర్తవుతుంది. ముప్పై దాటాక ఉన్నదాన్ని కాపాడుకోవడమే. అంటే మనం హాస్టల్‌లో ఉండే ఏళ్లే ఎముకను కూడబెట్టుకునే ఏళ్లు. ఈ ఏళ్లలో తగ్గినదాన్ని తరువాత పూర్తిగా పూడ్చుకోవడం కష్టం.

రెండవది, తిండి. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2020 లెక్క ప్రకారం రోజుకు కాల్షియం 10–12 ఏళ్లవారికి 850, 13–15 ఏళ్లవారికి 1000, 16–18 ఏళ్లవారికి 1050 మిల్లీగ్రాములు కావాలి. వంద గ్రాముల బియ్యంలో 10 మిల్లీగ్రాములకు అటూ ఇటుగానే ఉంటుంది. అదే వంద గ్రాముల రాగుల్లో, అంటే మన చోళ్లలో, సుమారు 350 ఉంటుంది. పాలలో సుమారు 120, మునగాకులో 300కు పైగా, నువ్వుల్లో 1000కి పైగా ఉంటుంది. ముళ్లతో సహా తినే చిన్న ఎండుచేపల్లోనూ బాగా ఉంటుంది, కానీ ఉప్పు కడిగి వండుకోవాలి. మెస్‌లో రాగిజావ పోస్తుంటే ముఖం తిప్పుకునే తమ్ముళ్లు ఈ లెక్క మరొకసారి చదవండి. మన తాతలు తాగిన చోడి అంబలి పేదతిండి అని చిన్నచూపు చూడవలసినది కాదు.

మూడవది, ఆట. గెంతడం, పరుగు, కబడ్డీ, ఖోఖో, తాడాట ఇవన్నీ ఎముకకు కబురు పంపేవే. ఎండలో ఆడితే విటమిన్ డి కూడా తయారవుతుంది. అమ్మాయిలకు ఆట ఎందుకని అనేవారుంటారు. రేపు బహిష్టు ఆగిన వయసులో ఎముక ఎక్కువగా పోయేది వారికే. కనుక ఇప్పుడు కూడబెట్టుకోవలసిన అవసరం వారికే ఎక్కువ. బరువు మంచిదన్నాం కదా అని చిన్నపిల్లల చేత ఉప్పు బస్తాలు మోయించమని కాదు. తిండి చాలక మోసే బరువు ఎముకను కట్టదు, అరగదీస్తుంది.

నాలుగవది, ఉప్పు. ఉప్పు పండించే ఊరివాళ్లమే ఉప్పు తగ్గించమని చెప్పడం వింతగా ఉండవచ్చు. ఉప్పు మానమనడం లేదు. అయోడిన్ కలిపిన ఉప్పు కావలసిందే. కానీ పచ్చడి, అప్పడం, మళ్లీ పైన చిటికెడు అనే అలవాటు వద్దు.

ఐదవది, మూత్రపిండాలు. ఇది మన ప్రాంతానికి అన్నిటికంటె ముఖ్యం. విటమిన్ డి ని పనిచేసే రూపానికి మార్చేది, ఎక్కువైన ఫాస్ఫరస్‌ను బయటకు పంపేది మూత్రపిండాలే. అవి చెడితే ఎముక కూడా చెడుతుంది. కవిటి, సోంపేట, కంచిలి, మందస, వజ్రపుకొత్తూరు, పలాస మండలాల్లో కిడ్నీ జబ్బు లేని ఊరు అరుదు. మనలో చాలామంది ఇళ్లలో డయాలసిస్‌కు వెళ్లేవారున్నారు. వారు కాళ్ల నొప్పులంటే వయసు వల్లనే అని కొట్టిపారేయకండి. 2023 డిసెంబరులో పలాసలో కిడ్నీ పరిశోధనా కేంద్రం, 200 పడకల ఆసుపత్రి ప్రారంభమయ్యాయి. అక్కడి వైద్యులకు ఎముకల నొప్పి సంగతి కూడా చెప్పండి. ఒక హెచ్చరిక: పైన మేము రాసిన పాలు, చోళ్లు, నువ్వుల సలహా ఆరోగ్యంగా ఉన్న పిల్లలకు. కిడ్నీ రోగుల పథ్యం వేరు. అది వైద్యుడే చెప్పాలి.

దీనికి సంబంధించినదే ఇంకొకటి. కొబ్బరిచెట్టు మీద నుంచి పడినా, బండి మీద నుంచి పడినా మందుల షాపులో నొప్పి బిళ్లలు కొని రోజుల తరబడి మింగే అలవాటు మన దగ్గర ఉంది. డైక్లోఫెనాక్ వంటి బిళ్లలు మూత్రపిండాలను దెబ్బతీయగలవు. ఎముక కోసం మింగిన బిళ్ల కిడ్నీని చెడగొడితే, ఆ కిడ్నీ తిరిగి ఎముకను చెడగొడుతుంది. వైద్యుడిని అడగకుండా మింగవద్దని ఇంట్లో చెప్పండి.

ఆరవది, కట్టు. పుత్తూరు కట్టు పేరు తెలుగుదేశమంతా తెలుసు. మన పల్లెల్లో కూడా కట్లు కట్టేవారున్నారు. ఎవరు కట్టినా ఈ గుర్తులు చూడండి: వేళ్లు చల్లబడటం, నల్లబడటం, తిమ్మిరెక్కడం, నొప్పి తగ్గకపోగా పెరగడం. వీటిలో ఏది కనబడినా కట్టు బిగిసి రక్తం ఆడటం లేదని అర్థం. తెల్లవారేదాకా ఆగకుండా కట్టు వదులు చేయించి ఆసుపత్రికి తీసుకువెళ్లాలి. ఎముక చర్మం చీల్చుకుని బయటకు వచ్చిందంటే కట్టు దగ్గరకు కాదు, 108కి ఫోన్ చేసి నేరుగా ఆసుపత్రికే వెళ్లాలి. ఎక్స్‌రే చూశాక, ఎప్పటినుంచి కాలు మోపాలి, ఏ వ్యాయామం చేయాలి అని వైద్యుడిని అడిగి రాసుకోండి. మోపకూడనప్పుడు మోపడం ఎంత తప్పో, మోపవలసినప్పుడు భయపడి మంచం దిగకపోవడమూ అంతే తప్పు. ముసలివాళ్ల విషయంలో ఇది మరీ ముఖ్యం.

కోట్లు ఖర్చుపెట్టి చేసిన పరిశోధనల్లో వ్యోమగాములకు చెప్పినవి చూడండి: బాగా తిను, ఉప్పు తగ్గించు, నీరు తాగు, రోజూ ఒళ్లు వంచు. వీటిలో చాలా భాగం మన మెస్‌లో, మన ఆటస్థలంలో దొరుకుతాయి. దొరకని చోట, గుడ్డు, పాలు, జావ సరిగా రావడం లేదంటే, వార్డెన్ గారిని మర్యాదగా అడగడం కూడా మన హక్కే. అది ఎముకల లెక్కతో అడిగితే ఇంకా బాగుంటుంది.

మీకు మీరే వేసుకోవలసిన ప్రశ్నలు

1. అంతరిక్ష కేంద్రంలో భూమి ఆకర్షణ ఉన్నా వ్యోమగామికి బరువు ఎందుకు తెలియదు?
2. అంతరిక్షంలో చేతి ఎముక కంటె తుంటి ఎముక ఎందుకు ఎక్కువ నష్టపోతుంది?
3. విరిగిన ఎముక అతకడానికి కావలసిన మూడు ఏవి? భారరహిత స్థితిలో వాటిలో ఏది లోపిస్తుంది?
4. నిన్న మీరు తిన్నవాటిలో కాల్షియం ఎంత? మీ వయసుకు కావలసినది ఎంత? తేడాను దేనితో పూడ్చగలరు?

నాలుగవ ప్రశ్నకు జవాబు పుస్తకంలో దొరకదు. ఈ రాత్రి భోజనాల దగ్గర కూర్చుని మీరే లెక్క వేయండి.